తాళం మార్చినా పడని తలుపు

అమెరికాలో ఆర్‌వీల, అంటే చక్రాల ఇళ్ల, సొంతదార్లలో చాలామంది దగ్గర ఒకే తాళంచెవి ఉంటుంది. ఒకే రకం చెవి అని కాదు, అచ్చంగా ఒకే చెవి. దాని మీద ‘సీహెచ్ 751’ అని ముద్ర ఉంటుంది. బండి పక్కల సామాన్లు పెట్టుకునే అరల తలుపులకు రకరకాల కంపెనీలు దశాబ్దాలుగా ఈ ఒక్క నంబరు తాళాన్నే బిగిస్తూ వచ్చాయి. చెవి ఆన్‌లైన్‌లో కొన్ని డాలర్లకు దొరుకుతుంది. ఓరెగాన్‌లో ఒకరు తమ బండి కోసం కొన్న చెవి ఫ్లోరిడాలో ముక్కూ మొహం తెలియని మరొకరి అరను తెరవగలదు.

పరాయి చేతికి ఇంత తేలిగ్గా లొంగే బండి సొంతదారు దగ్గరకొచ్చేసరికి మొరాయిస్తుంది. పొద్దున పడిన తలుపు మధ్యాహ్నం పడదు. పిడి లాగితే గడియ కదలదు. గట్టిగా లాగితే పిడే చేతికొస్తుంది. రిపేరు షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ మాత్రం బుద్ధిగా తెరుచుకుంటుంది, బుద్ధిగా పడుతుంది. సరే, వచ్చారు కదా అని తాళం మార్చి పంపిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే తంతు.

ఈ చికాకుకు కారణాలున్నాయి. వాటిలో చాలా భాగం బడిలో చదువుకున్న భౌతికశాస్త్రమే. నింద మోస్తున్న తాళం చాలాసార్లు నిర్దోషి. అసలు దోషం తలుపు కూర్చునే చట్రంలో ఉంటుంది, ఆ చట్రాన్ని మోసే బండి ఒంట్లో ఉంటుంది. బాగుచేసే బాధ్యతను ముక్కలుగా పంచుకున్న వ్యాపార పద్ధతిలోనూ ఉంటుంది.

ఇల్లూ కాదు, కారూ కాదు

ఆర్‌వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. వంటగది, పడక, స్నానాలగది అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. హైదరాబాద్‌లో సినిమా షూటింగుల దగ్గర నిలబడే క్యారవాన్ దీనికి దగ్గరి చుట్టమే. సొంత ఇంజిన్ ఉంటే దాన్ని మోటార్‌హోమ్ అంటారు. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లేదైతే ట్రావెల్ ట్రెయిలర్.

అమెరికాలో తయారయ్యే ఆర్‌వీలలో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రం నుంచే వస్తుంది. ఎల్‌ఖార్ట్ పట్టణం, దాని చుట్టుపక్కల ఊళ్లు ఈ పరిశ్రమకు గుండెకాయ. థార్ ఇండస్ట్రీస్, ఫారెస్ట్ రివర్ లాంటి పెద్ద సంస్థలది ఆ ప్రాంతమే. కోవిడ్ రోజుల్లో విమానాలకు, హోటళ్లకు భయపడిన జనం చక్రాల ఇళ్ల వైపు మళ్లడంతో 2021లో ఒక్క ఏడాదే 6 లక్షలకు పైగా బండ్లు ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్లాయి. అంతకుముందు ఏడాది ఆ సంఖ్య 4.3 లక్షలు.

ఇక్కడి ఫ్యాక్టరీల్లో పని వేగం ఎక్కువ. చాలా చోట్ల కూలి గంటల లెక్కన ఉండదు, చేసిన బండ్ల లెక్కన ఉంటుంది. బండి మీద పేరున్న కంపెనీ అందులోని వస్తువులన్నీ తానే తయారుచేయదు. కింది ఉక్కు చట్రం ఒకరిది, ఫ్రిజ్ మరొకరిది, కిటికీలు ఇంకొకరివి. తలుపు కూడా అంతే. లిపర్ట్ లాంటి విడిభాగాల సంస్థ తలుపును దాని చట్రంతో, తాళంతో కలిపి సిద్ధంగా పంపిస్తుంది. గోడలో ముందే కోసి ఉంచిన ఖాళీలో దాన్ని పెట్టి, చుట్టూ బ్యూటైల్ టేపు అతికించి, స్క్రూలు బిగిస్తారు. ఆ తాళం తలుపు చేసినవాళ్లదే కానక్కర్లేదు, దానికి వేరే కంపెనీ ఉండొచ్చు.

తలుపును విప్పి చూస్తే బయట పల్చటి ఫైబర్‌గ్లాస్ రేకు, లోపల మరో రేకు, మధ్యలో పాలిస్టైరీన్ నురుగు, చుట్టూ బోలు అల్యూమినియం అంచు. అన్నీ జిగురుతో అతికినవే. బరువు తక్కువ, ఖర్చు తక్కువ. కారు తలుపులా అచ్చులో నొక్కిన ఉక్కు కాదు, ఇంటి తలుపులా దళసరి చెక్కా కాదు. అయినా దాని మీద పెట్టుకున్న ఆశ రెండింతలు. కారు తలుపులా గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గట్టిగా మూసుకుని ఉండాలి, ఇంటి తలుపులా రోజుకు ఎన్నిసార్లు తీసినా మెత్తగా పడాలి.

మూల దిగితే

గోడలో తలుపు కోసం ఖాళీ కోయడం అంటే గోడ బలాన్ని అక్కడ తగ్గించడమే. ట్రెయిలర్ పొడవునా పరిచిన ఉక్కు దూలాలు గుంతల్లో వంగుతాయి, మెలికపడతాయి. ఆ మెలికను నిండు గోడ అడ్డుకుంటుంది. తలుపు ఉన్నచోట అడ్డుకునేదేమీ ఉండదు కాబట్టి నలుచదరంగా ఉండాల్సిన ఖాళీ కాస్త పక్కకు ఒరుగుతుంది.

ఎంత ఒరిగితే ఇబ్బంది? లెక్క వేసి చూడొచ్చు. బాగా వాడుకలో ఉన్న ఒక తలుపు కొలత 26 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల ఎత్తు. అంటే సుమారు 66 సెంటీమీటర్లు, 183 సెంటీమీటర్లు. గడియ వైపు నిలువు కమ్మీ 3 మిల్లీమీటర్లు కిందికి దిగిందనుకుందాం. తలుపు మాత్రం బందుల మీద వేలాడుతూ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. గడియ నాలుక వెళ్లి కూర్చోవాల్సిన గాడి 3 మిల్లీమీటర్లు కిందికి జరిగిపోయింది. నాలుగు మూలల్లో ఎదురెదురు మూలల మధ్య దూరాలు కొలిస్తే, సమానంగా ఉండాల్సిన ఆ రెండు కొలతల మధ్య ఇప్పుడు 5 మిల్లీమీటర్లకు పైగా తేడా కనిపిస్తుంది. తలుపుకూ చట్రానికీ మధ్య వదిలే సందే కొన్ని మిల్లీమీటర్లు. అందుకే కంటికి కనిపించనంత ఒరుగుడుకే గడియ నాలుక గాడి అంచును గీరుకుంటుంది.

రోడ్డు మీదే కాదు, బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఇది జరుగుతుంది. ట్రెయిలర్ నాలుగు మూలల దగ్గర కాళ్లలాంటి స్టెబిలైజర్ జాకీలు ఉంటాయి. లోపల మనుషులు నడుస్తుంటే బండి ఊగకుండా ఆపడం వాటి పని. బండిని పైకెత్తి సమం చేయడానికి వాటిని తయారుచేయలేదు. నేల వాలుగా ఉన్నచోట చాలామంది ఆ జాకీలతోనే ఒక మూలను ఎత్తేస్తారు. వెంటనే చట్రం మెలికపడుతుంది, కాసేపటికి తలుపు పట్టేస్తుంది. ముందు చక్రాల కింద దిమ్మలు పెట్టి పక్కల ఎత్తు సరిచూసుకోవాలి. తర్వాత ముందున్న జాకీతో ముందు వెనకల ఎత్తు చూసుకోవాలి. ఆ తర్వాతే స్టెబిలైజర్లను నేలకు ఆనేదాకా దింపాలి.

ఎండ తగిలిన వైపు

మన ఇళ్లలో చెక్క తలుపు వానాకాలంలో ఉబ్బి బిగిసిపోతే వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి నాలుగు పొరలు తీసేసి వెళ్తాడు. ఆర్‌వీ తలుపుకు ఆ వైద్యం పనికిరాదు. బోలు అల్యూమినియం అంచుకు చిత్రిక పట్టలేరు. పైగా దాని జబ్బు తేమతో వచ్చేది కాదు, వేడితో వచ్చేది.

అల్యూమినియం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే ప్రతి మీటరుకూ సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. ఉక్కు సాగేది అందులో సగమే. 1.8 మీటర్ల తలుపు 30 డిగ్రీలు వేడెక్కితే పొడవు సుమారు ఒకటింబావు మిల్లీమీటరు పెరుగుతుంది. ఇది ఒక మాదిరి ఇబ్బందే. అంతకంటే పెద్ద ఇబ్బంది తలుపు రెండు ముఖాలూ ఒకే వేడిలో లేకపోవడం. అరిజోనా ఎండలో బయటి ముఖం కాలిపోతుంటే ఏసీ గాలికి లోపలి ముఖం చల్లగా ఉంటుంది. బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు సాగదు. అప్పుడు తలుపు విల్లులా వంగక తప్పదు.

38 మిల్లీమీటర్ల మందం ఉన్న తలుపుకు రెండు ముఖాల మధ్య 15 డిగ్రీల తేడా ఉందనుకుంటే, దాన్ని స్వేచ్ఛగా వంగనిస్తే మధ్యభాగం సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పొంగుతుందని లెక్క చెబుతుంది. గడియ ఉండేది మధ్యలోనే. అక్కడ తలుపు కట్టేసి ఉంది కనుక పైమూల, కిందిమూల లోపలికి ఒత్తుకుంటాయి. ఆ ఒత్తిడంతా గడియ నాలుక మీద పడుతుంది. పక్క నుంచి బరువు పడుతున్న నాలుకను వెనక్కి లాగడానికి మామూలు కంటే చాలా ఎక్కువ బలం కావాలి. ఆ బలం పిడి మీద పడి పిడి విరుగుతుంది. చలికాలంలో ఇదే కథ తిరగబడుతుంది. బయట మంచు, లోపల హీటరు. అప్పుడు మూలలు బయటికి తేలతాయి, ఆ సందుల్లోంచి చలిగాలి, వాననీరు లోపలికి వస్తాయి.

రిపేరు షెడ్డులో తలుపు ఎందుకు బుద్ధిగా ఉంటుందో ఇప్పుడు తెలుస్తుంది. అక్కడ సమతలంగా కాంక్రీటు నేల, పైన నీడ. మెలికా లేదు, ఎండా లేదు. మెకానిక్ రెండుసార్లు తెరిచి మూసి, ‘సమస్య కనిపించలేదు’ అని కాగితం మీద రాస్తాడు. అతను రాసింది అబద్ధం కాదు. సొంతదారు చెప్పిందీ అబద్ధం కాదు.

వదులయ్యే స్క్రూలు, అరిగే పలకలు

మూడో శత్రువు అదురు. బిగించిన స్క్రూ దానంతట అదే ఎందుకు వదులవుతుందో జర్మన్ ఇంజినీరు గెర్‌హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగాలతో చూపించారు. స్క్రూ పొడవునా వచ్చే ఊపు కంటే, దానికి అడ్డంగా వచ్చే ఊపు ఎక్కువ ప్రమాదకరం. అడ్డంగా జరిగిన ప్రతిసారీ మరల మధ్య పట్టు ఒక్క క్షణం జారుతుంది, స్క్రూ వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. వేల మైళ్ల దారిలో ఇలాంటి క్షణాలు లక్షల్లో ఉంటాయి. తలుపు బందుల స్క్రూలు, తాళాన్ని రెండు వైపుల నుంచి పట్టి ఉంచే స్క్రూలు అడ్డం ఊపులోనే బతుకుతాయి. పైగా అవి పల్చటి అల్యూమినియంలోనో, పక్కన చెక్క ముక్కలోనో దిగి ఉంటాయి. తలుపు కింద నీరు కారి ఆ చెక్క మెత్తబడితే ఎన్నిసార్లు బిగించినా పట్టు దొరకదు. తాళం ఊగుతోందని తాళం మారిస్తే, కొత్త తాళం కూడా అదే పుచ్చు చెక్కలో కూర్చుంటుంది.

ఇక తాళం సంగతి. ఇళ్ల తాళాల్లో ఎక్కువగా ఉండే పిన్నుల పద్ధతికి లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందారు. ఆర్‌వీ అరల్లో ఉండేది సన్నటి పలకల తాళం. అమెరికాలో ఫైలో ఫెల్టర్ అనే ఆయన 1868లో అలాంటి తాళానికి పేటెంటు తీసుకున్నారు. గుండ్రటి ఇరుసులో వరసగా పలకలుంటాయి, ఒక్కోదాని కింద చిన్న స్ప్రింగు. సరైన చెవి పెడితే అన్నీ ఇరుసు అంచుకు సమంగా వచ్చి ఇరుసు తిరుగుతుంది. చవక, చిన్నది, పల్చటి తలుపులో ఇమిడిపోతుంది.

ఐదు పలకలకు నాలుగేసి ఎత్తులు అనుకుంటే 1,024 రకాల చెవులు చేయొచ్చు. అరల తాళాలకు ఆ వైవిధ్యాన్ని వాడుకోనే లేదు. ఫ్యాక్టరీలో లైను మీద ఏ తాళాన్ని ఏ బండికి బిగించినా ఒకే చెవి సరిపోతే పని తేలిక, డీలరు దగ్గర చెవుల గుట్టలు వెతికే బాధ ఉండదు. ఆ సౌకర్యానికి ధర కొన్నవాళ్లు చెల్లిస్తున్నారు. ప్రధాన ద్వారం తాళాల పరిస్థితి ఇంత అధ్వానం కాకపోయినా, వాటి చెవుల రకాలు కూడా పరిమితమే.

పిడి, గడియ పెట్టె చాలావరకు జింకు మిశ్రమలోహంతో పోతపోసినవి. సుమారు 4 శాతం అల్యూమినియం కలిపిన ఈ జమాక్ రకం లోహాలను న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో రూపొందించింది. సన్నటి ఆకారాలు కూడా అచ్చులో చక్కగా వస్తాయి. కానీ ఈ లోహం చలికి పెళుసెక్కుతుంది, వేడిలో విడవకుండా బరువు మోస్తే మెల్లగా సాగుతుంది. వంగిన తలుపు బరువును రోజూ మధ్యాహ్నం మోసే గడియకు ఇవి రెండూ మంచి గుణాలు కావు.

ఎవరి పని ఇది?

సొంతదారుకు అసలు విసుగు పుట్టించేది ఇక్కడినుంచి మొదలవుతుంది. ఊళ్లో తాళాలు బాగుచేసేవాడి దగ్గర ఆర్‌వీ చెవికి సరిపడే ముడి చెవి చాలాసార్లు ఉండదు. కారు మెకానిక్‌కు అది ఇల్లు, ఇళ్ల మరమ్మతు చేసేవాడికి అది బండి. మిగిలింది ఆర్‌వీ డీలరు. చాలామంది డీలర్లు తమ దగ్గర కొన్నవాళ్లకే ముందు వరస ఇస్తారు. దారిలో వేరే రాష్ట్రంలో తలుపు పాడైనవాళ్లు వారాల తరబడి ఎదురుచూడాల్సిందే.

వారంటీలో ఉంటే పని తేలికవ్వాలి, కానీ కాగితాలు పెరుగుతాయి. బండి కంపెనీ వారంటీ చాలావరకు ఏడాదే. తలుపు కంపెనీ వారంటీ వేరు, తాళం కంపెనీది వేరు. డీలరు ఫొటోలు తీసి పంపాలి, కంపెనీ అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాతే పని. ప్రతి పనికీ ఇన్ని గంటలని కంపెనీ ముందే కట్టిన లెక్క ప్రకారమే డీలరుకు డబ్బు వస్తుంది. తాళం మార్చడానికి లెక్క ఉంటుంది. ఎండలో నిలబెట్టి, మూలలు కొలిచి, బండి చట్రం ఎక్కడ మెలికపడిందో వెతకడానికి సరిపడా గంటలు ఆ లెక్కలో దొరకవు. డబ్బు దొరికే పని జరుగుతుంది. రోగనిర్ధారణ జరగదు. తప్పంతా మెకానిక్ మీద వేయడం అన్యాయం.

తలుపే మార్చాలంటే ఇంకో చిక్కు. ఖాళీ కొలతలు, మూలల వంపు, గోడ మందం, బందులు ఏ వైపు, కిటికీ ఉందా లేదా... ఇన్ని కుదిరితేగానీ కొత్త తలుపు సరిపోదు. చాలావరకు ఆర్డరు మీద చేయించుకోవాల్సిందే.

చట్టం కొంత అండ ఇస్తుంది. మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం 1975 నుంచి అమల్లో ఉంది. ఫలానా షెడ్డులో, ఫలానా బ్రాండు సామానుతో బాగుచేయించుకుంటేనే వారంటీ అనే షరతును, ఆ పని ఉచితంగా చేసిపెడితే తప్ప, కంపెనీలు పెట్టకూడదని అది చెబుతుంది. కానీ పదేపదే పాడయ్యే కొత్త కారును వెనక్కి ఇచ్చే హక్కు కల్పించే ‘లెమన్’ చట్టాలు చాలా రాష్ట్రాల్లో ట్రెయిలర్లకు వర్తించవు. మోటార్‌హోమ్‌కు వర్తించినా చాలా చోట్ల ఇంజిన్, చక్రాల భాగం వరకే. నివసించే భాగం, దాంతోపాటు తలుపు, బయటే ఉండిపోతుంది. ఏడాది పొడవునా ఆర్‌వీలోనే కాపురం ఉండేవాళ్లకు ఇది మరీ కష్టం. బండిని షెడ్డులో వదలడమంటే ఇల్లు వదలడమే.

పట్టేసిన తలుపును చికాకు అని కొట్టిపారేయకూడదు. లోపల గ్యాసు పొయ్యి, ప్రొపేన్ సిలిండర్ల మీద నడిచే హీటరు ఉంటాయి. నిప్పంటుకుంటే బయటపడే వ్యవధి చాలా తక్కువ. అందుకే ఎన్ఎఫ్‌పీఏ 1192 అనే భద్రతా ప్రమాణం తలుపు కాకుండా తప్పించుకునే మరో దారి ఉండాలంటుంది. సాధారణంగా అది ఎర్ర పిడులున్న కిటికీ. సెలవుల్లో అద్దె ఆర్‌వీ తీసుకుని ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ దారి పట్టే తెలుగు కుటుంబాలు అమెరికాలో చాలానే ఉన్నాయి. బండి చేతికి రాగానే ఆ కిటికీని ఒకసారి పిల్లల ముందు తెరిచి చూపించడం తప్పనిసరి.

వరస తప్పకుండా చూస్తే

మంచి మెకానిక్ తాళాన్ని అన్నింటికంటే చివర ముట్టుకుంటాడు. మొదట స్టెబిలైజర్ జాకీలన్నీ పైకెత్తించి తలుపు వేసి చూస్తాడు. అప్పుడు పడితే దోషం మెలికది. తర్వాత ఎదురెదురు మూలల దూరాలు కొలుస్తాడు. ఆ తర్వాత తలుపు మీద నిలువునా ఒక తిన్నటి పట్టీ ఆనించి, పొద్దున ఒకసారి, ఎండ పడ్డాక ఒకసారి వంపు చూస్తాడు. బందుల స్క్రూలకు పట్టు ఉందో లేదో, కింది చెక్క మెత్తబడిందో లేదో పరీక్షిస్తాడు. గడియ కూర్చునే రేకును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపితే తీరిపోయే సమస్యలు చాలా ఉంటాయి. ఇవన్నీ సరిగా ఉండి కూడా చెవి తిరగకపోతే అప్పుడు తాళం విప్పాలి.

అరల తాళాలను మాత్రం సొంతదారే మార్చుకోవచ్చు. పాత తాళం గొట్టం పొడవు కొలిచి, వెనక ఉన్న నాలుక తిన్నగా ఉందో వంపుగా ఉందో చూసి, అదే కొలతలో వేరే నంబరున్నది కొంటే ఒక్క స్క్రూడ్రైవర్‌తో పని అయిపోతుంది. ఇప్పుడు అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాలూ వచ్చాయి. అందరికీ ఒకే చెవి అన్న బెడదను అవి తీరుస్తాయి. వంగిన తలుపును మాత్రం అవి కూడా సరిచేయలేవు. పైగా బ్యాటరీ అయిపోయే భయం కొత్తగా వచ్చి చేరుతుంది.

పరిశ్రమకు ఈ సంగతి తెలియదని కాదు. శిక్షణ పొందిన మెకానిక్కుల కొరత తీర్చడానికి ఎల్‌ఖార్ట్‌లో ఆర్‌వీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నారు. బండి షెడ్డులోకి వచ్చింది మొదలు బాగుపడి వెళ్లేదాకా పట్టే రోజులను ‘రిపేర్ ఈవెంట్ సైకిల్ టైమ్’ అనే పేరుతో లెక్కిస్తున్నారు, తగ్గించాలని మాట్లాడుకుంటున్నారు. శిక్షణ మంచిదే, కానీ నేర్చుకున్నది వాడడానికి మెకానిక్‌కు సమయం కూడా దొరకాలి. తలుపు, తాళాల వరకు కంపెనీలు చేయగల పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. తలుపు కొలతలు, భాగాల నంబర్లు, తయారీదారు పేరు ఉన్న చీటీని చెరగని సిరాతో ముద్రించి చట్రం లోపలి అంచున అంటించాలి. ఆ భాగాలను ఏ మెకానిక్ అడిగినా నేరుగా అమ్మాలి. కారణం వెతికే గంటలకు కూడా డీలరుకు డబ్బు కట్టివ్వాలి. అరల తాళాలకు బండికో నంబరు ఇవ్వాలి. అంతవరకూ బండి కొన్న రోజే తలుపు మూలల దూరాలు, చుట్టూ ఉన్న సందులు కొలిచి, తాళాల నంబర్లతో సహా రాసిపెట్టుకోవడం సొంతదారుకు మేలు. రేపు షెడ్డులో ‘సమస్య కనిపించలేదు’ అన్నప్పుడు, ఎండలో తీసిన కొలతలను ఆ కాగితం పక్కన పెట్టి తేడా చూపించవచ్చు.